‘విల్ డెఫినెట్లీ’నా, ‘డెఫినెట్లీ విల్’నా? మోడల్ వెర్బ్ పక్కన యాడ్‌వెర్బ్ చోటు

మీరు అడిగినవి మూడు. తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్ చూస్తున్నారు, ఉత్తరాది యాత్రికులతో రోజంతా ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తోంది. ‘యు విల్ డెఫినెట్లీ గెట్ ఎ రూమ్’ అనాలా, ‘యు డెఫినెట్లీ విల్ గెట్ ఎ రూమ్’ అనాలా అన్నది ఒకటి. ‘హి వోంట్ ప్రాబబ్లీ కమ్’ అంటే తోటి ఉద్యోగి తప్పన్నాడు, ఎందుకు తప్పో చెప్పలేదన్నది రెండోది. కౌంటర్ వెనక బోర్డు మీద ‘గెస్ట్స్ మస్ట్ కంపల్సరీ షో ఐడీ ప్రూఫ్’ అని ఉంది, అది సరేనా అన్నది మూడోది.

ముందు సూటిగా జవాబు. విల్, కెన్, మస్ట్ లాంటి సహాయక క్రియను మోడల్ వెర్బ్ అంటారు; ఎలా, ఎప్పుడు, ఎంత నమ్మకంగా అని చెప్పే ఆల్వేస్, డెఫినెట్లీ లాంటి మాట యాడ్‌వెర్బ్. మోడల్ వెర్బ్‌కీ, దాని తర్వాత వచ్చే అసలు క్రియకీ మధ్య ఉన్న సందే యాడ్‌వెర్బ్ ఉండాల్సిన చోటు. కాబట్టి ‘యు విల్ డెఫినెట్లీ గెట్ ఎ రూమ్’ అనండి. వోంట్, కాంట్ లాంటి పొట్టి రూపాలు వచ్చినప్పుడు మాత్రం ప్రాబబ్లీ, డెఫినెట్లీ లాంటివి వాటి ముందుకు జరుగుతాయి: ‘హి ప్రాబబ్లీ వోంట్ కమ్’. మీ తోటి ఉద్యోగి చెప్పింది నిజమే. బోర్డు తప్పు, దాని సంగతి ఆఖర్లో చెబుతాను.

ఈ రెండు వాక్యాలు గుర్తుపెట్టుకుంటే ముప్పాతిక పని అయిపోతుంది. మిగిలిన పాతికలోనే అర్థాలు తారుమారవుతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మోడల్స్ అంటే కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిదే. తెలుగులో వీటికి విడి మాటలు ఉండవు. రాగలను, రావాలి, రావచ్చు, రాకూడదు అంటాం. గల, వాలి, వచ్చు, కూడదు అన్నీ క్రియను అంటుకునే ఉంటాయి. అందుకే ‘తప్పకుండా రావాలి’ అన్నప్పుడు ‘తప్పకుండా’ బయట ముందు నిలబడుతుంది, లోపలికి పోవడానికి దారి లేదు. మనవాళ్ళు ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘మస్ట్ కమ్’ను కూడా ‘రావాలి’ లాగే ఒకే ముద్ద అనుకుంటారు. ఆ ముద్దను విడగొట్టడానికి మనసొప్పక యాడ్‌వెర్బ్‌ను ముందు పెడతారు, లేదంటే తీసుకెళ్ళి వాక్యం చివర పడేస్తారు.

మన భాషలో ఆ సందు అస్సలు లేదని కాదు. ‘రాకూడదు’ను ఒత్తి చెప్పాలంటే ‘రానే కూడదు’ అంటాం కదా, ఆ ‘ఏ’ సరిగ్గా మధ్యలోనే దూరింది. ఇంగ్లీషులో ‘షుడ్ నెవర్ కమ్’ అన్నప్పుడు ‘నెవర్’ కూర్చున్న చోటు కూడా అదే. ‘రానే కూడదు’ను మనసులో పెట్టుకుంటే సందు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ఆల్వేస్, నెవర్, యూజువల్లీ, ఆఫన్, ప్రాబబ్లీ, డెఫినెట్లీ, సర్టెన్లీ, ఈజీలీ, ఆల్సో, స్టిల్, ఓన్లీ, జస్ట్ ఇవన్నీ అక్కడ కూర్చునేవే.

మీ కౌంటర్ మాటలతోనే చూడండి.

‘యు షుడ్ ఆల్వేస్ కీప్ ద టోకెన్ విత్ యు.’
‘యు కెన్ ఈజీలీ గెట్ ఎ బస్ ఫ్రమ్ అలిపిరి.’
‘యు కెన్ ఆల్సో వాక్ అప్, దేర్ ఆర్ 3,550 స్టెప్స్.’
‘ఇట్ విల్ ప్రాబబ్లీ టేక్ ద హోల్ డే.’

తర్వాత ‘బి’ వచ్చినా చోటు మారదు: ‘ద హాల్ విల్ ఆల్వేస్ బి క్రౌడెడ్’. ప్రశ్నలో మోడల్ ముందుకొస్తుంది, దాని వెంట కర్త, ఆ తర్వాతే యాడ్‌వెర్బ్: ‘కెన్ వి స్టిల్ గెట్ ఎ రూమ్?’ ‘కెన్ స్టిల్ వి’ అనకూడదు.

మరి ‘డెఫినెట్లీ విల్’ తప్పా? వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ అలా అన్నప్పుడు ఒత్తు ‘విల్’ మీద పడుతుంది, ఎవరో అనుమానపడితే గట్టిగా తిప్పి చెప్పినట్టు ఉంటుంది. గెస్ట్ ‘రూమ్ దొరకదేమో’ అని రెండుసార్లు సందేహపడితే ‘యు డెఫినెట్లీ విల్ గెట్ వన్’ అనడం సహజం. ఎవరూ అనుమానపడకుండానే అంటే ఆ ఒత్తు అనవసరం. అమెరికా వాళ్ళ మాటల్లో ఇలా ముందు పెట్టడం కాస్త ఎక్కువే వినబడుతుంది, అది విని తప్పు మాట్లాడారనుకోకండి. మీరు మాత్రం మధ్యలో పెట్టే అలవాటు చేసుకోండి.

‘విల్ కమ్’ లాంటి జంటను విడదీయకూడదని కొందరు పాతకాలం మాస్టర్లు చెబుతారు. అది ‘టు’కీ క్రియకీ మధ్య ఏదీ పెట్టకూడదన్న మరో నియమాన్ని ఇక్కడికి లాక్కొచ్చిన పొరపాటు. మోడల్ విషయంలో విడదీయడమే మామూలు పద్ధతి.

ఇక రెండో ప్రశ్న, నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు.

‘నాట్’ను పూర్తిగా పలికితే ప్రాబబ్లీ సందులోనే, నాట్‌కు ముందు ఉంటుంది: ‘హి విల్ ప్రాబబ్లీ నాట్ కమ్’. ‘వోంట్’ అన్నప్పుడు విల్, నాట్ రెండూ అతుక్కుపోయాయి కాబట్టి వాటి మధ్య దూరడానికి చోటు లేదు. అలాగని వెనక్కి పోతే అది నాట్ కిందికి వచ్చేస్తుంది, అంటే నాట్ దాన్ని కూడా కాదన్నట్టు అవుతుంది. ప్రాబబ్లీ, డెఫినెట్లీ లాంటివి మొత్తం మాట మీద మన నమ్మకం ఎంతో చెప్పే పదాలు, అవి నాట్‌కు పైనే ఉండాలి. అందుకని ముందుకు జరుగుతాయి: ‘ప్రాబబ్లీ వోంట్’, ‘సర్టెన్లీ కాంట్’, ‘డెఫినెట్లీ షుడ్‌న్ట్’.

నాట్‌కు పైన ఉందా కింద ఉందా అన్నదాన్నిబట్టి అర్థమే మారిపోయే జంటలు కొన్ని ఉన్నాయి. మీ ఉద్యోగంలో ఇవి రోజూ పనికొస్తాయి.

‘యు రియల్లీ కాంట్’, ‘యు కాంట్ రియల్లీ’. గుడి లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్ళవచ్చా అని గెస్ట్ అడిగాడనుకోండి. ‘యు రియల్లీ కాంట్ టేక్ ఇట్ ఇన్‌సైడ్’ అంటే ‘నిజంగానే కుదరదండి’ అని గట్టిగా చెప్పినట్టు. ‘యు కాంట్ రియల్లీ టేక్ ఇట్’ అంటే ‘అంతగా కుదరదులెండి’ అన్నట్టు మెత్తబడుతుంది, ఏదో వెసులుబాటు ఉందేమోనని గెస్ట్ జేబులో పెట్టుకుని బయల్దేరతాడు. అక్కడ వెసులుబాటు ఏమీ లేదు. తీరా క్యూ దగ్గర ఆపేశాక మళ్ళీ వెనక్కి వచ్చి మీ మీదే విసుక్కుంటాడు. ఒక్క మాట చోటు మారినందుకు ఇంత అవుతుంది.

‘ఐ కాంట్ డెఫినెట్లీ సే’, ‘ఐ డెఫినెట్లీ కాంట్ సే’. తెలుగులో ‘కచ్చితంగా చెప్పలేను’ అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు వస్తాయి, గొంతునుబట్టి అవతలివాళ్ళు పోల్చుకుంటారు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఇదమిత్థంగా చెప్పలేను’ అని అర్థం, రెండోదానికి ‘చెప్పడమన్నది నావల్ల కానే కాదు’ అని అర్థం. దర్శనానికి ఎంతసేపు పడుతుందని అడిగితే మీరు చెప్పదలచింది మొదటిదే. దానికి ఇంగ్లీషువాళ్ళు మామూలుగా వాడేది ‘ఐ కాంట్ సే ఫర్ ష్యూర్’. అదే నేర్చుకోండి, ఏ తికమకా ఉండదు.

‘కాంట్ ఆల్వేస్’, ‘కెన్ నెవర్’. ‘యు కాంట్ ఆల్వేస్ గెట్ ఎ టాక్సీ ఎట్ నైట్’ అంటే ఒక్కోసారి దొరకదని. ‘యు కెన్ నెవర్ గెట్’ అంటే ఎప్పుడూ దొరకదని. ‘ఎప్పుడూ’ అన్న తెలుగు మాట రెండింటికీ వాడతాం కాబట్టి మనవాళ్ళు ఇక్కడ జారిపోతారు. ‘ఎప్పుడూ దొరకదు’ అనుకుని ‘కాంట్ ఆల్వేస్’ అంటే ఉన్నదానికన్నా మెత్తగా చెప్పినట్టు అవుతుంది.

‘స్టిల్’ కూడా ఈ కోవలోదే. మన ‘ఇంకా’ మూడు పనులు చేస్తుంది, ఇంగ్లీషులో ఆ మూడూ వేరువేరు. ‘ఇంకా బస్సు దొరుకుతుంది’ అంటే ‘యు కెన్ స్టిల్ గెట్ ఎ బస్’, సందులో. ‘ఎంత వెతికినా ఇంకా దొరకట్లేదు’ అంటే ‘ఐ స్టిల్ కాంట్ ఫైండ్ ఇట్’, ముందు. ‘రూమ్ ఇంకా సిద్ధం కాలేదు, ఇప్పుడే చెకిన్ కుదరదు’ అంటే ‘యు కాంట్ చెక్ ఇన్ యెట్’, చివర్లో, అదీ స్టిల్ కాదు యెట్. ‘యు కాంట్ స్టిల్ చెక్ ఇన్’ అన్నది క్లాసుల్లో తరచు వినబడే తప్పు.

‘హార్డ్లీ’ గురించి రెండు ముక్కలు. ‘హార్డ్’కు లీ తగిలిస్తే ‘కష్టపడి’ అవుతుందనుకుంటారు. కాదు, దాని అర్థం ‘దాదాపు లేనట్టే’. వైకుంఠ ఏకాదశినాడు తిరుపతిలో గది దొరకడం గగనమని చెప్పాలంటే ‘యు కెన్ హార్డ్లీ ఫైండ్ ఎ రూమ్ ఆన్ దట్ డే’. లేదన్న అర్థం అందులోనే ఉంది కాబట్టి ‘కాంట్ హార్డ్లీ’ అనకూడదు.

సహాయక క్రియలు రెండు మూడు వరసగా వస్తే? ‘షుడ్ హావ్ బీన్ క్లీన్డ్’ లాంటివి. ఇక్కడ ఒక్క సందు కాదు, మూడు ఉన్నాయి. ఏది ఎందులో అంటే: నమ్మకం, తరచుదనం, కాలం చెప్పేవి (ప్రాబబ్లీ, ఆల్వేస్, నెవర్, ఆల్రెడీ) మొదటి సందులో, అంటే మోడల్ వెంటనే. పని ఎలా జరిగిందో చెప్పేవి (ప్రాపర్లీ, కేర్‌ఫుల్లీ, బ్యాడ్లీ) చిట్టచివరి సందులో, అసలు క్రియకు ఆనుకుని. రెండూ ఒకే వాక్యంలో ఇలా ఇముడుతాయి: ‘ద రూమ్ షుడ్ సర్టెన్లీ హావ్ బీన్ ప్రాపర్లీ క్లీన్డ్.’ సర్టెన్లీ మన అభిప్రాయం, అందుకని మోడల్ పక్కన. ప్రాపర్లీ తుడవడానికి సంబంధించింది, అందుకని ‘క్లీన్డ్’ పక్కన. ఈ రెండింటినీ అటూ ఇటూ మార్చి పైకి చదివి చూడండి, ‘షుడ్ ప్రాపర్లీ హావ్ బీన్ సర్టెన్లీ క్లీన్డ్’, ఎంత ఎబ్బెట్టుగా ఉందో మీ చెవికే తెలుస్తుంది. ఆల్రెడీకి మాత్రం కాస్త సడలింపు ఉంది. ‘ద బస్ మస్ట్ ఆల్రెడీ హావ్ లెఫ్ట్’, ‘మస్ట్ హావ్ ఆల్రెడీ లెఫ్ట్’ రెండూ అంటారు. ఈజీలీకి కూడా అంతే: ‘కెన్ ఈజీలీ బి బుక్డ్’, ‘కెన్ బి ఈజీలీ బుక్డ్’ రెండూ సరే.

పని తీరు చెప్పే పదాలు కర్మ ఉన్న వాక్యంలో చివరికి పోవడమే క్షేమం: ‘ఐ కెన్ స్పీక్ హిందీ ఫ్లూయెంట్లీ’. క్రియకీ కర్మకీ మధ్య మాత్రం పెట్టకండి, ‘స్పీక్ ఫ్లూయెంట్లీ హిందీ’ ఎక్కడా చెల్లదు. ‘హిందీ బాగా మాట్లాడగలను’లోని ‘బాగా’ అయితే తప్పనిసరిగా చివరికే: ‘కెన్ స్పీక్ హిందీ వెల్’. ఆ ‘వెల్’ సందులోకి వస్తే అర్థం పూర్తిగా వేరు. ‘ఇట్ మే వెల్ రెయిన్’ అంటే బాగా కురుస్తుందని కాదు, కురిసే అవకాశం గట్టిగానే ఉందని. ఈశాన్య రుతుపవనాలు మన వైపు వచ్చే నవంబరులో గొడుగు తెచ్చుకోమని గెస్టుకు చెప్పడానికి సరిగ్గా సరిపోయే వాక్యం అది. డైలీ, వీక్లీ లాంటివీ చివరే: ‘యు కెన్ ఆర్డర్ మీల్స్ హియర్ డైలీ’.

‘ఓన్లీ’ మీద ఇంకాస్త ఆగాలి. మన ‘మాత్రమే’ తాను ఏ మాటకు చెందుతుందో దాని వెనకే నిలబడుతుంది, గందరగోళం ఉండదు. ఇంగ్లీషులో ఓన్లీ తనకు చెందిన మాట ముందు నిలబడుతుంది. ‘ఓన్లీ గెస్ట్స్ కెన్ యూజ్ ద లిఫ్ట్’ అంటే లిఫ్టు గెస్టులకే, సిబ్బందికి కాదు. ‘గెస్ట్స్ కెన్ యూజ్ ఓన్లీ ద లిఫ్ట్’ అంటే గెస్టులు మెట్లెక్కకూడదు, లిఫ్టే వాడాలి. ‘గెస్ట్స్ కెన్ ఓన్లీ యూజ్ ద లిఫ్ట్’ అని సందులో పెడితే మాట్లాడేటప్పుడు గొంతు ఒత్తునుబట్టి అర్థమవుతుంది గానీ కాగితం మీద అనుమానం మిగులుతుంది. కాబట్టి మాటల్లో సందులో పెట్టండి, నోటీసులో మాత్రం సంబంధించిన పదానికి ఆనించి రాయండి. ఇక ‘ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ’ అని వెనక పెట్టడం రసీదుల్లో, చెక్కుల్లో పద్ధతి. మామూలు మాటల్లోకి దాన్ని తేకండి. ‘ఐ యామ్ ఫ్రమ్ తిరుపతి ఓన్లీ’ అనడం మన ‘తిరుపతే’లోని ‘ఏ’ను ఇంగ్లీషులో పలకడమే.

‘కూడా’ సంగతీ అంతే. ‘నేను తమిళం కూడా మాట్లాడగలను’ అని చిత్తూరు వైపు చాలామంది చెప్పుకోగల మాట. దానికి ‘ఐ కెన్ ఆల్సో స్పీక్ టమిల్’ సరి. ‘ఐ ఆల్సో కెన్ స్పీక్’ అంటే ‘నేను కూడా’ అని వినబడుతుంది, ఇంకెవరో మాట్లాడతారు, నేనూ వాళ్ళలాగే అన్నట్టు. ‘నేను కూడా’ అనే చెప్పాలనుకుంటే ‘ఐ కెన్ స్పీక్ టమిల్ టూ’ అని ‘ఐ’ని ఒత్తి పలకడం మేలు.

ఏ మోడల్‌కు ఏ యాడ్‌వెర్బ్ జత? చోటు కుదిరినా జత కుదరకపోతే వాక్యం నిలవదు. మే, మైట్‌లలో అనుమానం ఉంది కాబట్టి వాటికి డెఫినెట్లీ అతకదు. ‘హి మే డెఫినెట్లీ కమ్’ అంటే ‘రావచ్చేమో కచ్చితంగా’ అన్నట్టు, తనను తానే కొట్టేసుకుంటుంది. మైట్‌కు పాసిబ్లీ, ‘మే’కు వెల్, విల్‌కు ప్రాబబ్లీ, డెఫినెట్లీ, ఊహించి గట్టిగా చెప్పే మస్ట్‌కు ష్యూర్లీ సరిజోడు. ‘బహుశా రావచ్చు’ మనకు చక్కటి తెలుగే. దాన్నే ‘పర్‌హాప్స్ హి మే కమ్’ అంటే ఒకే అనుమానాన్ని రెండుసార్లు చెప్పినట్టు. ‘హి మే కమ్’ చాలు, లేదా ‘మేబీ హి విల్ కమ్’. రాసేటప్పుడు ఈ ‘మేబీ’ కలిపి ఒక్క మాట, ‘హి మే బి ఇన్ ద రూమ్’లోనిది విడివిడిగా రెండు మాటలు.

షార్ట్ ఆన్సర్ దగ్గర మాత్రం నియమం తలకిందులవుతుంది. ‘విల్ యు బి హియర్ టుమారో?’ అని అడిగితే జవాబు ‘ఐ ప్రాబబ్లీ విల్’. ‘ఐ విల్ ప్రాబబ్లీ’ అని ఆపేస్తే వాక్యం గాలిలో వేలాడుతుంది. కారణం తేలికే: అసలు క్రియ పడిపోయింది, సందుకు అవతలి గోడ లేదు, అందుకని యాడ్‌వెర్బ్ ఇవతలికి వచ్చేసింది. ఇలాంటి చోట ‘ఐల్’ అని కుదించడమూ కుదరదు, ‘విల్’ పూర్తిగా పలకాలి.

‘హావ్ టు’ మోడల్‌లా అనిపిస్తుంది గానీ చోటు విషయంలో మామూలు క్రియే. ‘యు ఆల్వేస్ హావ్ టు సైన్ హియర్’ అని ముందే పెట్టాలి. దానికి విల్ తోడైతే మళ్ళీ పాత సందే: ‘యు విల్ ఆల్వేస్ హావ్ టు సైన్’.

మర్యాద గురించి ఒక మాట, మీది కౌంటర్ ఉద్యోగం కాబట్టి. మస్ట్ పక్కన ఇమ్మీడియట్లీ, స్ట్రిక్ట్లీ చేరితే పోలీసు గొంతు వస్తుంది. ‘యు మస్ట్ ఇమ్మీడియట్లీ వెకేట్’ అనే బదులు ‘యు విల్ హావ్ టు చెక్ అవుట్ బై టెన్, సర్’ అంటే పనీ అవుతుంది, మనిషీ నొచ్చుకోడు. అడిగేటప్పుడు ‘కుడ్ యు ప్లీజ్ ఫిల్ దిస్ ఫారం?’ చాలు. ప్లీజ్, కైండ్లీ రెండూ కలిపి వాడొద్దు. ‘కుడ్ యు పాసిబ్లీ వెయిట్ టెన్ మినిట్స్?’లోని పాసిబ్లీకి సందేహం అన్న అర్థం లేదు, ‘వీలైతే’ అన్న మెత్తదనం ఉంది. ఆలస్యమైన గదికోసం నిలబడ్డవాళ్ళతో అది వాడి చూడండి.

అలవాటు కావడానికి ఒక పద్ధతి. మీరు షిఫ్టులో ఎక్కువసార్లు చెప్పే పది వాక్యాలు కాగితం మీద రాయండి, మోడల్ తర్వాత ఒక చిన్న గీత విడిచిపెట్టి. ముందు యాడ్‌వెర్బ్ లేకుండా చదవండి, తర్వాత ఆ గీతలో ఆల్వేస్ పెట్టి, ప్రాబబ్లీ పెట్టి, స్టిల్ పెట్టి పైకి చదవండి. అర్థం అతకనిచోట మీకే తడుతుంది. ఆ తర్వాత అవే వాక్యాలను కాంట్, వోంట్‌లతో మార్చి, యాడ్‌వెర్బ్ ముందుకు జరగాలా, ఉన్నచోటే ఉండాలా అని ఒక్కొక్కటీ తేల్చుకోండి. కంటితో చదివితే సరిపోదు, నోటితోనే పలకాలి. చోటు చెవికి పట్టాలి.

ఇక మీ బోర్డు. ‘మస్ట్ కంపల్సరీ షో’లో రెండు తప్పులున్నాయి. కంపల్సరీ విశేషణం, అది యాడ్‌వెర్బ్ కాదు కాబట్టి సందులో కూర్చోలేదు. పోనీ ‘కంపల్సరిలీ’ అని దిద్దినా అనవసరమే, ‘తప్పనిసరి’ అన్న అర్థం మస్ట్‌లోనే ఉంది. ఐడీ చూపించాల్సింది ఎప్పుడో ఆ బోర్డులో లేదు, గెస్టుకు కావలసింది ఆ ముక్క. ఇలా రాయించండి: ‘ఆల్ గెస్ట్స్ మస్ట్ షో ఎన్ ఒరిజినల్ ఫొటో ఐడీ ఎట్ చెకిన్.’ ఫొటోకాపీ చెల్లదని కూడా చెప్పాలనుకుంటే దాని కింద ఇంకో వరస: ‘ఫొటోకాపీస్ కెనాట్ బి యాక్సెప్టెడ్.’ ఆ ‘కెనాట్’ను ఇంగ్లీషు అక్షరాల్లో విడదీయకుండా ఒక్క మాటగా రాయమని పెయింటర్‌కు ముందే చెప్పండి.